తొమ్మిదో ఊపు

చుట్టు 6308, వెలుగు మొదటి రోజు

కొక్కేలు లెక్కపెట్టడానికని మోకుల గదికి వెళ్ళాను. లెక్క పెట్టలేదు. తలుపు సందులోంచి ఇద్దరు ఆడవాళ్ళని చూస్తూ నిలబడ్డాను. నాకు నలభై ఏడేళ్ళు, నెత్తి మీద సగం జుట్టు ఊడిపోయింది, అయినా దొంగపిల్లిలా తలుపు చాటున నిలబడ్డాను. ఈ సిగ్గుమాలిన పని ముందు రాసేస్తే మిగతాది రాయడం తేలికవుతుందని మొదట ఇదే రాస్తున్నాను.

లోపల పోలమ్మ, నూకరత్నం ఉన్నారు. రత్నం మోకు కట్టుకుని దిగే మనిషి, పోలమ్మ ఆ మోకు పైనుంచి పట్టే మనిషి. పద్నాలుగేళ్ళుగా అదే జత. దిగేవాళ్ళ అరచేతులు చవుడు తగిలి బీటలు తీస్తాయి. పోలమ్మ ఆ చేతులకి నూనె రాస్తోంది. అందులో ఏముంది, ఎవరైనా రాస్తారు. రాయడం అయిపోయాక మాత్రం చెయ్యి వదల్లేదు.

"సాల్లే అప్పా, అన్నం ఏళయిపోయింది" అంది రత్నం. మా వైపు అప్ప అంటే అక్క.

పోలమ్మ ఆ చెయ్యి తన చెంపకి ఆనించుకుంది. నూనె అంటుకుంటుందని కూడా చూసుకోలేదు. రత్నం నవ్వి ఊరుకుంది. అంతే, ఇంకేం జరగలేదు. చప్పుడు చెయ్యకుండా వెనక్కి వచ్చేసి, కొక్కేలు నూట నలభై అని పుస్తకంలో రాసేశాను. ఎన్ని ఉన్నాయో దేవుడికెరుక.

చుట్టు 6308, వెలుగు రెండో రోజు

ఇది తాళ్ళ జాబితా పుస్తకం. ముందు పేజీలు పేటవి, వెనక పేజీలు నావి. ముందు పేజీల్లో ఎవరు దిగాలి, ఎవరు పట్టాలి అని రెండు వరుసలు రాస్తాను. నా పేరు సూరాడ ఎల్లాజీ, ఆరేళ్ళ నుంచి తాళ్ళ గుమస్తాని.

మా ఎగువపేట శుక్రుడి మబ్బుల్లో తేలుతూ పోయే ఊరు. పైన బుడగ, దాని కింద మూడువందల పన్నెండు మందిమి. గాలి మమ్మల్ని నాలుగు రోజులకొకసారి ఈ గ్రహం చుట్టూ తిప్పి తీసుకొస్తుంది, రెండు రోజులు వెలుగు, రెండు రోజులు చీకటి. అదీ మా చుట్టు. వెలుగున్న రెండు రోజులూ పై అరుగు నుంచి మోకు కట్టుకుని దిగి, ఆసిడ్‌ని విరిచే సోడానీళ్ళతో బుడగ ఒళ్ళు కడగాలి. ఆసిడ్ మంచు దాని మీద చవుడులా పేరుకుంటుంది, కడక్కపోతే తోలు తినేస్తుంది. మోకుల పని తెలుసని మా తాతల్ని ఉత్తరాంధ్ర తీరంలోంచి ఏరి తెచ్చారు. చేపలు పట్టేవాళ్ళు మబ్బులు కడిగేవాళ్ళయ్యారు. వాళ్ళు భూమ్మీంచి అన్నీ మూటగట్టి తెచ్చారు, శుక్రమూఢంతో సహా. శుక్రుడి మీదే కాపరం పెట్టాక మూఢం ఎటునుంచి లెక్కపెట్టాలని మా పేట పెద్ద సింహాద్రమ్మ పిన్ని ఏటా తగువు పడుతుంది.

ఇవాళ జాబితా రాస్తూ పోలమ్మ, రత్నాల పేర్ల దగ్గర ఆగిపోయాను.

మా దగ్గరొక కట్టుబాటు ఉంది. కిందనుంచి గాలి తన్నినప్పుడు దిగిన మనిషి గంటలా ఊగుతుంది. ఆ బరువుకి మోకు కట్టిన చోట బుడగ తోలు చిరుగుతుందని భయం. అందుకని తొమ్మిది ఊపుల్లో ఆ మనిషి బుడగ చుట్టూ కట్టిన వలమీద కాలు వెయ్యలేకపోతే, పట్టినవాళ్ళు మోకు కోసెయ్యాలి. అరవయ్యేళ్ళ కిందట ఒకాయన తన పెళ్ళాం మోకు పట్టాడు. కొయ్యలేకపోయాడు. తోలు చిరిగి నలభై ఒక్కమంది పోయారు. అప్పటినుంచీ ఒకరి మీద ఒకరికి మనసు పుట్టే వీలున్న మనుషులు ఒకరి మోకు ఒకరు పట్టకూడదు.

ఎవరి మీద ఎవరికి మనసు పుడుతుందో తెలియాలి కదా, దానికి చీటీలు. పద్దెనిమిదేళ్ళు నిండగానే మగవైపో, ఆడవైపో, ఇరువైపో, మరోటో రాసిస్తాం. పదకొండు రకాలున్నాయి. భూమ్మీద ఈ సంగతి మీద మనుషుల్ని తరిమేవారట, ఇంట్లోంచి గెంటేవారట, మనం అలాంటివాళ్ళం కాదు, ఏ చీటీ అయినా ఒకటేనని బళ్ళో చెబుతారు. నేనూ ఆ పాఠం గొంతెత్తి చదివాను.

ఒకటే అనేది పచ్చి అబద్ధం. మోకు దగ్గర చూడండి తేడా. మగవైపు చీటీ ఉన్న ఆడది ఆడవాళ్ళ మోకే పట్టాలి. ఇరువైపు చీటీ వాళ్ళు ఎవరి మోకూ పట్టకూడదు. మోకు పట్టేవాళ్ళకి వారానికి రెండు స్నానాలు, సభలో ముందు వరుస. అందుకే మూడువందల పన్నెండు మందిలో ఇరువైపు అని రాసినవాళ్ళు ఇద్దరంటే ఇద్దరు. గుమస్తాని, నాకు నవ్వొస్తుంది. ఇక ఏ వైపూ లేదని రాసినవాళ్ళకి రాజయోగం, ఎవరి మోకైనా పట్టొచ్చు. అలాంటి చీటీలు పేటలో నాలుగు. అందులో ఒకటి నాది.

మా నాన్న రాయించాడు. "ఆ సీటీ రాసీ, దర్జాగా బతుకుతావు" అన్నాడు. అబద్ధమని నాకు అప్పటికే తెలుసు. రాసిచ్చాను.

చుట్టు 6309, వెలుగు మొదటి రోజు

వచ్చే చుట్టులో పెద్దమెట్ట మీదుగా పోతాం. కింద నేల మీద ఆ మెట్ట మహా ఎత్తు. దాని మీద గాలి పైకి లేచి తన్నుతుంది. ఆ చుట్టుకి ముందు జతలన్నీ సరిగ్గా ఉన్నాయని గుమస్తా సంతకం పెట్టాలి.

సోడానీళ్ళు కలిపే గదిలో పోలమ్మ ఒక్కతే ఉంటే వెళ్ళాను. ఏదో అధికారిలాగ గొంతు సవరించుకున్నాను.

"పోలమ్మా, నీ సీటీ ఏటి?"

"నీకు తెల్దేటి? మగవైపు. నీ పుస్తకంలోనే ఉంది గదా."

"అదింకా నిజమేనా?"

తెడ్డు తిప్పడం ఆపేసింది. కాసేపు నా మొహంలోకి చూసింది. "సూసినావన్నమాట" అంది.

నేను పుస్తకం చంకలో సర్దుకున్నాను.

"అబద్దం గాదన్నా అది. మా ఆయన అప్పన్న బతికున్నన్నాళ్ళూ ఆయనంటే నాకు పేణం. ఇప్పటికీ ఒడ్డూ పొడుగూ ఉన్న మగోడు ఎదురొత్తే ఎనక్కి తిరిగి సూత్తాను. ఆడోళ్ళని సూత్తే నాకేటీ అనిపించదు. నూటేబై మందున్నారిక్కడ, ఒక్కర్ని సూసినా ఏటీ నేదు. రత్నాన్ని సూత్తే ఉంటాది. మరి దీనికే సీటీ ఎట్టాలో నువ్వే సెప్పు."

"ఇరువైపు అని..."

"రెండు వైపులు గాదు బాబూ, ఒక మనిషి. నీ పదకొండిట్లో ఒక మనిషి అన్న సీటీ ఉందేటి?"

నా దగ్గర లేదు. ఉంటే పాతికేళ్ళ కిందట నేనే తీసుకునేవాణ్ణి.

"రత్నానికి తెల్సా?"

"తెల్సే ఉంటాది. నానడగనేదు, అది సెప్పనేదు. అడిగితే మోకు ఒగ్గీయాలి గదా."

"కొయ్యాల్సొత్తే కోత్తావా?" అన్నాను. అడగకూడని మాటే, కానీ గుమస్తా అడగాల్సిన మాట.

"కోత్తాను" అంది, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా. "కోసీసి ఎనకాలే నానూ దూకీత్తాను. నీ రూలుకి అది సరిపోద్దా?"

తల వంచుకున్నాను. ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. చేతిలో చెయ్యి వేసి మరీ ఇచ్చాను. ఆమె కళ్ళు తుడుచుకుని, "నువ్వు మంచోడివన్నా" అంది. ఆ మాట రాస్తుంటే మొహం మండిపోతోంది.

చుట్టు 6309, వెలుగు రెండో రోజు

చెప్పేశాను.

సింహాద్రమ్మ పిన్ని నన్నేం గుచ్చి అడగలేదు. సంతకం కోసం పుస్తకం తెరిచి, టీ తాగుతూ, "అన్నీ బాగున్నాయి గదరా? ఏటైనా ఉంటే ఇప్పుడే సెప్పీ, మెట్ట దాటినాక సెప్తే లాబం నేదు" అంది. ప్రతిసారీ అనే మాటే. ప్రతిసారీ బాగున్నాయనే అంటాను. ఇవాళ నోరు దానంతటదే తెరుచుకుంది. పోలమ్మ, రత్నం, నూనె, చెంప, అన్నీ చెప్పాను. పోలమ్మ నాతో నమ్మి చెప్పినదీ చెప్పాను.

పేట క్షేమం కోసమని నాకు నేను చెప్పుకున్నాను. నలభై ఒక్కమంది పేర్లు మనసులో చదువుకున్నాను. అదంతా పై పై పూత. అసలు సంగతి అసూయ. ఇన్నాళ్ళకి రాస్తున్నాను, దానయ్య అంటే నాకు ఇష్టం. వాడి మోకు పంతొమ్మిదేళ్ళు పట్టాను. వాడు ఆడవైపు, పెళ్ళాం ఉంది, నన్ను ఒరే అని తప్ప పిలవడు. పంతొమ్మిదేళ్ళలో వాడి చేతికి ఒక్కసారి నూనె రాయలేదు నేను. ఎవరైనా చూస్తారేమోనని మోకు తప్ప వాడిలో ఏదీ ముట్టుకోలేదు. ఆ ఇద్దరు ఆడవాళ్ళూ తలుపు కూడా వేసుకోకుండా కూర్చున్నారు. అది నాకు కడుపుమంట.

మధ్యాహ్నం సభ పెట్టారు. ఎవరూ పోలమ్మని పల్లెత్తు మాటనలేదు. అనుంటే బాగుండేదేమో. "తప్పేటీ నేదమ్మా, మనసన్నాక మారుతాది, సీటీ మార్సుకో అంతే" అన్నారు. ఆమె కొత్త చీటీ మీద వేలిముద్ర వెయ్యనంది. "అది నా పేరు గాదు" అంది. పెద్దలే ఇరువైపు అని రాసేశారు. చీటీ మారినవాళ్ళకి కొత్త చీర పెట్టి బెల్లం పంచడం మా ఆచారం. మనమెంత మంచివాళ్ళమో చూపించుకోవడానికి మా తాతలు పెట్టింది. పోలమ్మ భుజం మీద చీర వేశారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్యలో మోకుల గది తాళం చెవి ఆమె నడుం నుంచి తీసి నా చేతిలో పెట్టారు.

నాకూ బెల్లం ముక్క ఇచ్చారు. తిన్నాను.

చుట్టు 6310, వెలుగు మొదటి రోజు

రత్నం మోకు నేనే పట్టాలి, మోకు పట్టే ఆడవాళ్ళంతా ఎవరి జతల్లో వాళ్ళున్నారు. మిగతా మూడు ఏ వైపూ లేని చీటీలలో ఇద్దరు ముసలివాళ్ళు, ఒకడికి చెయ్యి విరిగింది.

పొద్దున్నే రత్నం నా గది తలుపు తోసుకుని వచ్చింది. ముప్పై ఆరేళ్ళ మనిషి, ఎప్పుడూ గట్టిగా మాట్లాడగా వినలేదు.

"నన్ను నువ్వు పట్టుకుంటావేటి?"

"జాబితాలో అలాగే ఉందమ్మా."

"మా అప్ప పద్నాలుగేళ్ళు నోరు కట్టీసుకుంది. నానూ కట్టీసుకున్నాను. మా ఇద్దరి మజ్జినా ఉన్నది మా నోట్లోంచి రావాల గదా? సబలో నీ నోట్లోంచి వొచ్చింది. సిగ్గునేదేటి నీకు?"

ఉందని చెప్పాలనుకున్నాను. ఆ మాటకి ఎంత విలువుందని!

"నాను సెప్పాల్సింది ఈ పొద్దే అప్పకి సెప్పీసినాను" అంది. "ఏటి సెప్పానో నీకు అక్కర్నేదు. అదీ రాసుకుంటావు మళ్ళీ."

రాసుకోను. నాకు తెలియదు, తెలుసుకోను.

తర్వాత పోలమ్మ వచ్చింది. ఆమెని ఇప్పుడు సోడానీళ్ళు బాల్చీలతో మోసే పనిలో పెట్టారు. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. పని మాట్లాడటానికి వచ్చింది.

"రత్నం మోకు బిగువుగా ఉంచు. గాలి తన్నితే అది అందరిలాగ కొట్టుకోదు. ఒళ్ళొగ్గీసి గాలితో ఊగుతాది. ఊపు ఎడమకి తిరిగినాక కాలేత్తాది. అందరూ నాలుగో ఊపుకో అయిదో ఊపుకో యేత్తారు, దానికి ఎనిమిది పడతాది. నాను రెండు గాలులు సూసినాను. మోకు ఒదులైతే ఇంకా ఆలీసమైపోద్ది."

"రూలు ప్రకారం పడతాను పోలమ్మా" అన్నాను. రూలులో అందరికీ ఒకటే కొలత ఉంది.

"రూలుకేటి తెల్సు రత్నం సంగతి?"

"నీకు దానిమీద మనసుంది. నువ్వలాగే అంటావు."

బాల్చీ ఎత్తుకుని వెళ్ళిపోయింది. పద్నాలుగేళ్ళ పనితనాన్ని నేను ఒక్క ముక్కలో మనసు కింద కొట్టిపారేశాను.

చుట్టు 6310, వెలుగు రెండో రోజు

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పదింటికి రత్నం దిగింది. ముసుగులోంచి నా వైపు చూడలేదు. నేను రూలు ప్రకారం మోకు వదిలాను. పక్కనే అరుగు మీద పోలమ్మ బాల్చీలు నింపుతోంది. మెట్ట ఇంకా గంట దూరంలో ఉందన్నారు. గాలి ముందే వచ్చింది. పేట మొత్తం కింద నుంచి ఎవరో తన్నినట్టు ఎగిరింది. అరుగు మీద నేను మోకాళ్ళ మీద పడ్డాను. మోకు చేతుల్లోంచి మూరెడు జారింది, బిగించి పట్టుకున్నాను.

రత్నం ఊగడం మొదలుపెట్టింది. గట్టిగా లెక్కపెట్టాలి, అది పద్ధతి. ఒకటి. రెండు. మూడు. పోలమ్మ చెప్పినట్టే ఆమె కొట్టుకోలేదు, ఒళ్ళు వదిలేసింది. చూసేవాళ్ళకి స్పృహ లేదేమో అనిపిస్తుంది. అయిదు. ఆరు. మోకు కట్టిన చోట తోలు కిర్రుమంటోంది. ఏడో లెక్కకి కత్తి మోకు మీద పెట్టాను.

పోలమ్మ బాల్చీ పారేసి పరిగెత్తుకొచ్చింది. నన్ను ముట్టుకోలేదు, మోకు ముట్టుకోలేదు. రూలు తప్పితే నేను కంగారుపడతానని ఆమెకి తెలుసు. ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని నా కళ్ళలోకి చూసింది.

"కొయ్యకన్నా. మోకు మూరెడు జారిపోనాది నీ సేతిలో. దానికి ఎనిమిది సాలవు, ఇంకో రెండు పడతాయి. పదోదానికి కాలేసెత్తాది. ఒక్కటి. ఒక్కటి ఎక్కువ లెక్కెట్టు. నీ కాళ్ళట్టుకుంతాను!"

విన్నాను. వినలేదని రాయను. ప్రతి అక్షరం విన్నాను. బళ్ళో మాకు నేర్పింది సరిగ్గా ఇదే, మనసున్నవాళ్ళు ఒక్కటి అంటారు, తర్వాత ఇంకొకటి అంటారు, నలభై ఒక్కమంది పోతారు. ఆమె చెబుతున్నది మోకు గురించి, మూర గురించి, కాలు గురించి. నాకు మాత్రం ఆమె చీటీ ఒక్కటే కనిపించింది.

తొమ్మిది అన్నాను. కోశాను.

పోలమ్మ అరవలేదు. తెగిన మోకు కొస నా చేతిలో ఉంది, ఆమె దాన్ని నా వేళ్ళలోంచి విడదీసి తీసుకుంది.

చుట్టు 6311, వెలుగు మొదటి రోజు

తోలు పరీక్ష చేశారు. గోరంత చిరుగు కూడా లేదు.

అడుగున ఉన్న కెమెరాలో జరిగింది చూశాం, నేనూ సింహాద్రమ్మ పిన్నీ. పదో ఊపు మొదట్లో రత్నం ఎడమ పాదం వలలో పడింది. సరిగ్గా పోలమ్మ చెప్పిన చోట, చెప్పిన ఊపుకి. అప్పటికే మోకు తెగి కిందకి పడుతోంది, ఆ బరువు ఆమెని నడుం పట్టి లాక్కుపోయింది. ఆమె పాదం ఒక్క క్షణం వలని పట్టుకుని ఉంది.

పిన్ని దాన్ని రెండోసారి వేసి చూసింది. తర్వాత ఆ బొమ్మ చెరిపేసింది. "నువ్వు రూలు ప్రకారమే సేసినావురా. ఇది పోలమ్మకి సెప్పకు, పిచ్చెక్కిపోద్ది" అంది. ఆమె చెడ్డ మనిషి కాదు. నేను తల ఊపాను. నాకు తల ఊపడం బాగా అలవాటు.

ఇంకో లెక్క ఉంది. దాన్ని ఈ వెనక పేజీల్లో కూడా ఇంతవరకూ రాయలేదు. ఇవాళ కూడా కలం అక్కడికి వచ్చి ఆగిపోతోంది.

చుట్టు 6311, వెలుగు రెండో రోజు

సభ పెట్టారు. నాకు సన్మానం.

నాకు తెలియదు. రత్నానికి సంతాపం అనుకుని వెళ్ళాను. సంతాపం అయ్యాక నన్ను వేదిక మీదకి పిలిచి శాలువా కప్పారు. "గుండె రాయి సేసుకుని మనల్ని కాపాడినాడు. పోలమ్మ సేతిలో మోకుంటే ఈపాటికి మనమందరం పోయుందుము. సీటీలెందుకు అన్నోళ్ళకి ఇదే జవాబు" అంది పిన్ని. చప్పట్లు. పోలమ్మ చివరి వరుసలో కూర్చుంది, ఇరువైపు చీటీకి అదే చోటు. పెట్టిన కొత్త చీరే కట్టుకుంది. పాతది రత్నం చీరతో పాటు ఉతకడానికి వేసిందట, ఇంకా ఆరలేదట. ఎవరో చెప్పుకుంటున్నారు.

రెండు మాటలు మాట్లాడమన్నారు. లేచాను. నీళ్ళు ఇచ్చారు, తాగాను.

"రత్నం పదో ఊపుకి కాలేసింది" అన్నాను. "కెమెరాలో సూసినాను. పోలమ్మ సెప్పినట్టే ఏసింది. అప్పటికి నేను కోసీసినాను."

పిన్ని "కూకోరా, నీకు మనసు బాగోనేదు" అంది. నేను కూర్చోలేదు. ఇప్పుడు కూర్చుంటే ఇక జన్మలో లేవలేనని తెలుసు.

"నా సీటీ అబద్దం. పద్దెనిమిదేళ్ళప్పుడే అబద్దం. దానయ్య మోకు పంతొమ్మిదేళ్ళు పట్టినాను, ఆ పంతొమ్మిదేళ్ళూ నాకు దానయ్యంటే ఇష్టం. ఏ సీటీ నాకు సరిపోద్దో నాకు తెల్దు. మగోళ్ళందరూ నాకక్కర్లేదు. ఆడొక్కడే."

దానయ్య ముందు వరుసలో పెళ్ళాం పక్కన ఉన్నాడు. వాడి వైపు చూడలేదు.

"చుట్టు 5402లో మెట్టగాలి తన్నింది. దానయ్య కింద ఉన్నాడు. అప్పటి గుమస్తా చేత ముందు పేజీలో ఎనిమిది ఊపులని రాయించినాను. ఎనిమిది కాదు. ఇరవై మూడు."

ఎవరో వెనక నుంచి "ఇరవై మూడా!" అన్నారు. ఒక ముసలాయన లేచి నిలబడ్డాడు.

"కత్తి చేతిలోనే ఉంది. కొయ్యలేదు. కోసే ప్రశ్నే లేదు. పేట మొత్తం పోయినా సరే అనుకున్నాను. తోలు చిరగలేదు. ఇరవై మూడు ఊపులకీ చిరగలేదు. ఆడు కాలేసినాడు, పైకొచ్చినాడు, ఒరే ఆకలేస్తందిరా అన్నాడు."

అప్పుడు దానయ్య మాట్లాడాడు. కూర్చున్న చోటునుంచే, తల ఎత్తకుండా మాట్లాడాడు. "నానూ లెక్కెట్టినాను కిందనుంచి. ఇరవై మూడే. పదేళ్ళయింది, ఎవులికీ సెప్పనేదు." వాడి పెళ్ళాం వాడి చెయ్యి పట్టుకుంది.

అరుపులు మొదలయ్యాయి. పేటని పణం పెట్టాడని కొందరు, అయితే తొమ్మిదన్న లెక్కే తప్పా అని కొందరు. పిన్ని బల్ల మీద చేత్తో కొడుతోంది. ఎవరో చీటీల కట్ట కూడా తీసుకొచ్చారు, నాది మార్చాలట ముందు. ఆ గోలలో పోలమ్మ చివరి వరుసలోంచి నడిచి వచ్చింది. దారి ఇచ్చారు. వేదిక ముందు నిలబడింది. ఆమె కోప్పడితే బాగుండుననుకున్నాను, చెప్పు తీసి కొడితే ఇంకా బాగుండుననుకున్నాను. ఆమె కళ్ళు పొడిగా ఉన్నాయి. లెక్క సరిచూసుకునే మనిషిలా నెమ్మదిగా అడిగింది.

"ఇరవై మూడు ఊపులకి తోలు సిరగదని నీకు ముందే తెల్సు."

"తెలుసు."

"ఆపొద్దు అరుగు మీద కూడా తెల్సు."

"తెలుసు పోలమ్మా."

"నానొక్క ఊపే అడిగినాను గదన్నా నిన్ను" అంది.